ప్రాంతీయ వాతావరణ విధానాలు – దేశ ఆర్థిక పోటీ సామర్థ్యం: చెన్నై పారిశ్రామిక ప్రాంత అనుభవం

ఒక రాష్ట్రమో, నగరమో, కొన్ని దేశాల కూటమో కర్బన ఉద్గారాలను తగ్గించడానికీ, మారుతున్న వాతావరణాన్ని తట్టుకోవడానికీ చేసుకునే చట్టాలు, పన్నులు, రాయితీలు, విద్యుత్ నిబంధనలు, నీటి ఏర్పాట్లు అన్నిటినీ కలిపి ప్రాంతీయ వాతావరణ విధానం అంటారు. ఆ విధానం ఒక ప్రాంతానిదే అయినా ఫలితం అక్కడితో ఆగదు. తమిళనాడులో యూనిట్ కరెంటు ధర మారితే భారతదేశపు నూలు ధర మారుతుంది. ఆంధ్రప్రదేశ్ ఒక కొనుగోలు ఒప్పందాన్ని తిరగదోడితే, దేశంలో పెట్టుబడి పెట్టదలచిన విదేశీ బ్యాంకు వడ్డీ లెక్క మళ్ళీ వేసుకుంటుంది. ఇలాంటి లంకెలను పరిశీలించడానికి చెన్నై, దాని చుట్టుపట్ల ఉన్న పారిశ్రామిక మండలం మంచి ఉదాహరణ. ఆ మండలం ఉత్తరాన ఆంధ్రప్రదేశ్‌లో తడ దగ్గరి శ్రీసిటీ వరకూ సాగుతుంది.

‘పోటీ సామర్థ్యం’ అనే మాటతో కొంచెం జాగ్రత్తగా ఉండాలి. కంపెనీలు ఒకదానితో ఒకటి పోటీపడినట్టు దేశాలు పోటీపడవనీ, ఓడిన దేశం దుకాణం మూసుకుని పోదనీ అమెరికన్ ఆర్థికవేత్త పాల్ క్రూగ్‌మన్ 1994లో హెచ్చరించారు. ఈ వ్యాసంలో ఆ మాటకు అర్థం పరిమితం: ఒక దేశంలో తయారైన సరుకు ప్రపంచ విపణిలో ధరకూ నాణ్యతకూ నిలబడగలగడం, కొత్త పెట్టుబడి ఆ దేశాన్ని వెతుక్కుంటూ రావడం.

రెండు వాదాలు

పర్యావరణ నియమాలు కఠినమైతే పరిశ్రమ నియమాలు లేని చోటికి తరలిపోతుందన్నది పాత వాదం. దీన్ని కర్బన లీకేజీ అంటారు. పొగ తగ్గదు, చోటు మారుతుంది. ఊళ్ళో ఉపాధి మాత్రం పోతుంది. దీనికి ఎదురు వాదాన్ని హార్వర్డ్ ఆచార్యుడు మైకేల్ పోర్టర్ 1991లో ముందుకు తెచ్చి, 1995లో క్లాస్ వాన్ డర్ లిండెతో కలిసి విస్తరించారు. సరిగా రాసిన నియమం పరిశ్రమను కొత్త పద్ధతుల వైపు నడిపిస్తుందనీ, వృథా తగ్గి చివరికి ఖర్చే కలిసివస్తుందనీ వారి ప్రతిపాదన.

కెనడాలోని బ్రిటిష్ కొలంబియా రాష్ట్రం ఈ రెండింటినీ ఒకేసారి పరీక్షకు పెట్టింది. 2008 జులై 1న టన్నుకు 10 కెనడా డాలర్లతో కార్బన్ పన్ను మొదలుపెట్టి, 2012కి 30 డాలర్లకు పెంచింది. వచ్చిన సొమ్మును ఇతర పన్నుల తగ్గింపు రూపంలో జనానికి తిరిగి ఇచ్చింది. రాష్ట్ర ఆర్థిక వ్యవస్థ మొత్తం మీద చెప్పుకోదగ్గ దెబ్బ పడలేదు. కానీ సిమెంటు పరిశ్రమ మాత్రం పన్ను లేని చోట్ల నుంచి దిగుమతయ్యే సిమెంటు ముందు నిలవలేక ఇబ్బంది పడింది. 2015లో ప్రభుత్వం దానికి ప్రత్యేక సాయం ప్రకటించాల్సి వచ్చింది. సగటు లెక్క నిజమే, సిమెంటు కార్మికుడి కష్టమూ నిజమే. విధానం రాసేవారు రెండోదాన్ని మరిచిపోవడం తరచూ జరుగుతుంది.

రాష్ట్రాల చేతిలోని పగ్గాలు

మన రాజ్యాంగంలో విద్యుత్తు ఉమ్మడి జాబితాలో, నీరు రాష్ట్ర జాబితాలో ఉన్నాయి. భూమి రాష్ట్రానిది. కస్టమ్స్ సుంకాలు, విదేశీ వాణిజ్యం కేంద్రానివి. అంటే 2070 నాటికి నికర శూన్య ఉద్గారాలని 2021లో గ్లాస్గోలో మాట ఇచ్చింది కేంద్రం. దాన్ని నిలబెట్టాల్సిన తీగలు, స్తంభాలు, డిస్కంలు (విద్యుత్ పంపిణీ సంస్థలు), చెరువులు ఉన్నది రాష్ట్రాల చేతిలో.

తమిళనాడు ఈ విషయంలో ముందే కదిలింది. వాతావరణ మార్పు కోసం ప్రత్యేక మిషన్, దాని అమలుకు గ్రీన్ క్లైమేట్ కంపెనీ, ముఖ్యమంత్రి అధ్యక్షతన పాలక మండలి ఏర్పాటు చేసుకుంది. 2023లో గ్రేటర్ చెన్నై కార్పొరేషన్ తన వాతావరణ కార్యాచరణ ప్రణాళికను విడుదల చేసి, 2050 నాటికి నగరాన్ని నికర శూన్య స్థితికి తేవాలని పెట్టుకుంది. దేశం పెట్టుకున్న గడువు కన్నా ఇది 20 ఏళ్ళు ముందు.

ఆ లక్ష్యం ఎంత బరువైనదో చెన్నై ఉత్తర శివారులోని ఎన్నూరు వెళ్తే తెలుస్తుంది. అక్కడి కామరాజర్ రేవు 2001లో మొదలైంది, ప్రధానంగా థర్మల్ కేంద్రాలకు బొగ్గు దించడానికి. ఇప్పుడు అదే రేవు నుంచి చెన్నై పరిసరాల్లో తయారైన కార్లు ఓడలెక్కి విదేశాలకు పోతున్నాయి. లోపలికి బొగ్గు, బయటికి కార్లు. బూడిద మాత్రం కొసస్థలైయార్ ఏటి పాయల్లో, అక్కడి జాలరుల వలల్లో మిగిలింది. భారత తయారీరంగపు పోటీ సామర్థ్యానికి ఈ పల్లెకారులు చెల్లించిన మూల్యం ఏ ఎగుమతి లెక్కలోనూ కనిపించదు. అలాంటి లెక్కను సంపూర్ణమని ఒప్పుకోలేం.

గాలి, నూలు, బ్యాంకింగ్

ఆడి మాసపు గాలికి సన్నికల్లు సైతం ఎగురుతుందని తమిళుల సామెత. నైరుతి గాలి కన్యాకుమారి జిల్లాలో ఆరల్వాయ్‌మొళి కనుమ గుండా, కోయంబత్తూరు దగ్గర పాలక్కాడు సందు గుండా మే నుంచి సెప్టెంబరు దాకా ఉరుకుతుంది. 1986లో తూత్తుకుడి దగ్గర ముళ్ళకాడులో దేశంలోని తొలి పవన విద్యుత్ క్షేత్రాల్లో ఒకటి వెలిసింది. 1998లో జాతీయ పవన శక్తి పరిశోధన కేంద్రాన్ని చెన్నైలోనే పెట్టారు. 2023 నాటికి తమిళనాడు పవన సామర్థ్యం 10 వేల మెగావాట్లు దాటింది.

ఈ గాలిమరలు పెట్టిందెవరన్నది తెలుగువారికి ఆసక్తి కలిగించే సంగతి. మొదట్లో పెద్ద విద్యుత్ కంపెనీలు కాదు, నూలు మిల్లులూ సిమెంటు కర్మాగారాలూ ముందుకొచ్చాయి. కోయంబత్తూరు మిల్లుల్లో చాలావాటి వెనక విజయనగర కాలంలో వలస వెళ్ళి పత్తి పండించి, ఆ పత్తినే వడికే దశకు ఎదిగిన నాయుళ్ళ కుటుంబాలున్నాయి. కుప్పుస్వామి నాయుడు 1910లో లక్ష్మీ మిల్లును స్థాపించారు. రాజపాళయంలో ఇంట్లో తెలుగు మాట్లాడే రాజుల కుటుంబానికి చెందిన పి.ఎ.సి. రామస్వామి రాజా 1936లో మిల్లు పెట్టారు. ఆయన సంస్థల నుంచి ఎదిగిన సిమెంటు కంపెనీ 1990ల తొలినాళ్ళలోనే గాలిమరలు నిలబెట్టింది. నూలు మిల్లుకు పత్తి తర్వాత అతి పెద్ద ఖర్చు కరెంటే. దేశంలోని వడుకు సామర్థ్యంలో సగానికి కాస్త తక్కువ తమిళనాడులోనే ఉంది. కాబట్టి అక్కడి కరెంటు ధర చొక్కా గుడ్డ ధరలో తేలుతుంది.

మిల్లులను గాలి వైపు లాగింది పర్యావరణ ప్రేమ ఒక్కటే కాదు. రెండు విధాన నిర్ణయాలు కలిసొచ్చాయి. ఒకటి, కేంద్రం ఇచ్చిన వేగవంతమైన తరుగుదల రాయితీ: మర ఖరీదులో అధిక భాగాన్ని మొదటి ఏడాదే ఆదాయపు పన్ను లెక్కలో తగ్గించుకునే వీలు. రెండోది, రాష్ట్రం ఇచ్చిన ‘బ్యాంకింగ్’. ఆషాఢ శ్రావణాల్లో మర ఉత్పత్తి చేసిన కరెంటును గ్రిడ్‌కు ఇచ్చి, గాలి లేని నెలల్లో మిల్లు దాన్ని తిరిగి తీసుకోగలిగేది. కోతల నాడు గాదెలో పోసిన వడ్లను వేసంగిలో తీసుకున్నట్టే. గాలి నాలుగైదు నెలలే వీచినా ఏడాదంతా మిల్లు తిరిగిందంటే కారణం ఇదే.

తర్వాత చిక్కులు మొదలయ్యాయి. 2008 నుంచి 2013 దాకా రాష్ట్రంలో విద్యుత్ కొరత తీవ్రం కాగా చిన్న యూనిట్లు డీజిల్ జనరేటర్లతో నెట్టుకొచ్చాయి. అదే కాలంలో గాలి బాగా వీచిన రోజుల్లో తీగల సామర్థ్యం చాలక మరలను ఆపించిన సందర్భాలున్నాయి. విద్యుత్ అమ్మినవారికి డబ్బు నెలల తరబడి, కొన్నిసార్లు ఏడాదికి మించి ఆలస్యమైంది. 2012లో కేంద్రం తరుగుదల రాయితీని తీసేసి, 2014లో మళ్ళీ ఇచ్చింది. 2018లో రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి ఆ ఏడాది మార్చి 31 తర్వాత వచ్చే కొత్త మరలకు ఏడాది పొడవు బ్యాంకింగ్ సౌకర్యాన్ని నిలిపేసింది. దశాబ్దాల పాటు దేశంలో మొదటి స్థానంలో ఉన్న తమిళనాడును పవన సామర్థ్యంలో గుజరాత్ దాటిపోయింది.

విద్యుత్ సంస్థ వాదన తోసిపారేసేది కాదు. అవసరం లేనప్పుడు చవక కరెంటు తీసుకుని, గిరాకీ ఎక్కువున్న రాత్రివేళ ఖరీదైన కరెంటు తిరిగివ్వడం దానికి నష్టమే. ఆ నష్టం చివరికి పొలానికి ఉచిత కరెంటు, పేదింటికి రాయితీ కరెంటు ఇచ్చే ఖాతాలోనే పడుతుంది. అయితే దానికి మందు నిల్వ వ్యవస్థ, బలమైన తీగలు, రోజులోని వేళను బట్టి మారే ధర. ఉన్నపళంగా నియమం మార్చడం కాదు. మంచి గాలి వీచే చోట్లను ముప్ఫయ్యేళ్ళ నాటి చిన్న మరలు ఆక్రమించుకుని ఉన్నాయని గుర్తించి, వాటి స్థానంలో పెద్దవి పెట్టడానికి 2024లో రాష్ట్రం ప్రత్యేక విధానం తెచ్చింది. ఆలస్యమైనా సరైన అడుగు.

ఇప్పటి కార్ల కంపెనీలు మరో దారి పట్టాయి. 2005 నాటి విద్యుత్ నిబంధనల ప్రకారం, ఉత్పత్తి ప్రాజెక్టులో 26 శాతం వాటా ఉండి, అందులో 51 శాతం కరెంటు వాడుకుంటే దాన్ని సొంత విద్యుత్తుగా లెక్కిస్తారు. డిస్కంకు క్రాస్ సబ్సిడీ సర్‌చార్జీ కట్టనక్కర్లేదు. ఇరుంగాట్టుకోట్టైలో కార్లు తయారుచేసే హ్యుందాయ్ మాతృసంస్థ 2022లో పూర్తి పునరుత్పాదక విద్యుత్ వాడతామనే అంతర్జాతీయ కంపెనీల కూటమిలో చేరింది. ఇలాంటి సంస్థ కొత్త ప్లాంటుకు చోటు చూసేటప్పుడు భూమి ధరతోపాటు గాలి, ఎండ, గ్రిడ్ నిబంధనలు కూడా చూస్తుంది. పాతికేళ్ళ కింద ఎవరూ అడగని ప్రశ్న ఇది.

ఆంధ్రప్రదేశ్: తిరగదోడిన ఒప్పందాలు

2019 జులై 1న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పవన, సౌర విద్యుత్ కొనుగోలు ఒప్పందాల ధరలపై తిరిగి చర్చలు జరపడానికి ఉన్నతస్థాయి కమిటీని నియమించింది. అంతకు కొన్నేళ్ళ ముందు యూనిట్‌కు 4.80 రూపాయలకు పైబడి పవన విద్యుత్ కొనడానికి ఒప్పందాలు కుదిరాయి. 2019 నాటికి వేలంపాటల్లో ధర రెండున్నర రూపాయల చుట్టుపట్లకు దిగింది. అప్పుల్లో ఉన్న డిస్కంలు ఇంకా పాత ధర ఎందుకు కట్టాలన్నది ప్రభుత్వ వాదన. ఆ ప్రశ్న వేయడానికి కారణం ఉంది.

కానీ పాతికేళ్ళ ఒప్పందాన్ని నమ్మి బ్యాంకులు అప్పిచ్చాయి. ఆ రోజు ధరకే మరలు కొన్నారు. కేంద్ర విద్యుత్ శాఖ మంత్రి ఆర్.కె. సింగ్ అభ్యంతరం చెబుతూ లేఖ రాశారు. అప్పటి జపాన్ రాయబారి సైతం ముఖ్యమంత్రికి లేఖ రాశారు. ఒక రాష్ట్రపు విద్యుత్ బిల్లు దౌత్య విషయంగా మారింది. 2019 సెప్టెంబరులో హైకోర్టు ఏకసభ్య ధర్మాసనం విషయాన్ని నియంత్రణ మండలికి పంపుతూ, అంతదాకా పవన విద్యుత్‌కు 2.43, సౌర విద్యుత్‌కు 2.44 రూపాయల చొప్పున చెల్లించమంది. 2022 మార్చి 15న ద్విసభ్య ధర్మాసనం ఆ తీర్పును కొట్టేసి, ఒప్పందంలోని ధర ప్రకారమే బకాయిలు ఆరు వారాల్లో కట్టాలని ఆదేశించింది.

మిగిల్చాలనుకున్న డబ్బు మిగలలేదు. దాదాపు మూడేళ్ళ కాలం పోయింది. ఎండకూ గాలికీ లోటు లేని రాయలసీమ ఆ మూడేళ్ళలో ఎంత పెట్టుబడిని చేజార్చుకుందో లెక్క వేయడం కష్టం. అది ఆంధ్రప్రదేశ్‌కే పరిమితం కాని నష్టం: ప్రభుత్వమే కొనుగోలుదారుగా ఉన్న ప్రతి ఒప్పందంలోనూ అపనమ్మకపు ఖరీదు వడ్డీగా చేరుతుంది. సౌర, పవన ప్రాజెక్టుల్లో ఇంధనానికి ఖర్చు లేదు. ఖర్చంతా మొదటి పెట్టుబడీ దాని మీది వడ్డీయే. కాబట్టి వడ్డీ పెరిగితే కరెంటు ధర నేరుగా పెరుగుతుంది. 2024 అక్టోబరులో వచ్చిన సమగ్ర క్లీన్ ఎనర్జీ విధానం 10 లక్షల కోట్ల రూపాయల పెట్టుబడులను ఆశిస్తోంది. ఆ అంకె నెరవేరడం రాయితీల మీద కన్నా, 2019 మళ్ళీ రాదనే నమ్మకం మీద ఎక్కువ ఆధారపడుతుంది.

తిరుప్పూరు: కఠిన నియమం నేర్పిన పాఠం

తిరుప్పూరు కథ వాతావరణానిది కాదు, నీటి కాలుష్యానిది. అయినా పోర్టర్ వాదానికి దక్షిణాదిలో దీనికి మించిన ఉదాహరణ లేదు. బనియన్లు, టీషర్టులు అల్లే ఈ పట్నపు అద్దకం యూనిట్ల రంగునీరు నొయ్యల్ నదిని చంపేసింది. దిగువన ఒరత్తుపాళయం ఆనకట్ట సాగునీటి చెరువుగా కాక విషపు మడుగుగా మారింది; నీళ్ళు వదలొద్దని రైతులే కోరే పరిస్థితి వచ్చింది. 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు అద్దకం, బ్లీచింగ్ యూనిట్లన్నిటినీ మూయించింది. వందలాది యూనిట్లు ఒక్కసారిగా ఆగాయి. ఆర్డర్లు పోయాయి, కూలీలు ఊళ్ళు విడిచారు. కొందరు చాటుమాటుగా పక్క జిల్లాలకు అద్దకం తరలించారు. లీకేజీ అంటే అదే. రాష్ట్ర ప్రభుత్వం ఉమ్మడి శుద్ధి కేంద్రాలకు 200 కోట్ల రూపాయల వడ్డీలేని రుణం ఇచ్చింది. ఒక్క చుక్క బయటికి వదలకుండా నీటినీ ఉప్పునూ తిరిగి వాడుకునే పద్ధతి క్రమంగా కుదురుకుంది.

ఇప్పుడు తిరుప్పూరు ఎగుమతులు ఏటా 40 వేల కోట్ల రూపాయల దరిదాపుల్లో ఉన్నాయి. శుద్ధిచేసిన నీరు, గాలిమరల కరెంటు తమ వద్ద ఉన్నాయని అక్కడి ఎగుమతిదారులు ఐరోపా కొనుగోలుదారుల ముందు గర్వంగా చెప్పుకుంటున్నారు. నష్టపోయిన చిన్న అద్దకందారులందరూ తిరిగి లేవలేదన్నది ఈ విజయం పక్కనే చెప్పుకోవాల్సిన మాట. తీర్పు రాకముందే రుణం వచ్చి ఉంటే వారిలో ఎందరో నిలిచేవారు.

నీళ్ళు లేకా, నీళ్ళెక్కువై కూడా

ఉద్గారాలు తగ్గించడం ఒక సగమైతే, వాతావరణాన్ని తట్టుకోవడం రెండో సగం. 2015 డిసెంబరు 1, 2 తేదీల వరదకు చెన్నై విమానాశ్రయం రోజుల తరబడి మూతపడింది. కార్ల ప్లాంట్లు ఉత్పత్తి ఆపాయి. 1878 నుంచి వెలువడుతున్న ‘ది హిందూ’ పత్రిక డిసెంబరు 2న నగరంలో అచ్చుకాలేదు; సిబ్బంది ముద్రణాలయానికి చేరలేకపోయారు. నాలుగేళ్ళు తిరక్కుండానే 2019 జూన్‌లో నగరానికి నీరిచ్చే నాలుగు జలాశయాలూ ఎండిపోయాయి. ఐటీ కంపెనీలు ఉద్యోగులను ఇంటి నుంచే పనిచేయమన్నాయి. జులై 12న జోలార్‌పేట నుంచి 25 లక్షల లీటర్లతో నీళ్ళ రైలు వచ్చింది. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను మళ్ళీ ముంచింది.

వెనక చేసిన పనులు లేకపోతే నష్టం ఇంకా ఎక్కువుండేది. ఇంటింటా వాననీటి ఇంకుడు ఏర్పాటు 2003 నాటికే తప్పనిసరైంది. మీంజూరు నిర్లవణీకరణ కేంద్రం 2010లో, నెమ్మేలిది 2013లో మొదలై రోజుకు 10 కోట్ల లీటర్ల చొప్పున సముద్రపు నీటిని తాగునీరుగా మార్చే సామర్థ్యంతో వచ్చాయి. మణలిలోని పరిశ్రమలు 1990ల నుంచే మురుగునీటిని శుద్ధిచేసి వాడుతున్నాయి. కోయంబేడు, కొడుంగయ్యూరులలో రోజుకు నాలుగున్నర కోట్ల లీటర్ల చొప్పున శుద్ధిచేసే కేంద్రాలు వచ్చాక శ్రీపెరుంబుదూరు, ఒరగడం, మణలి పరిశ్రమలకు గొట్టాల ద్వారా ఆ నీరు చేరుతోంది. ఫ్యాక్టరీకి మురుగును శుద్ధిచేసిన నీరిచ్చి, జనానికి చెరువు నీటిని మిగల్చడం దేశంలోని ప్రతి పారిశ్రామిక నగరమూ ఇప్పటికిప్పుడు నేర్చుకోవాల్సిన పద్ధతి.

ఇక తెలుగుగంగ. ఎన్టీ రామారావు, ఎంజీ రామచంద్రన్ ముఖ్యమంత్రులుగా ఉన్నప్పుడు 1983లో కుదిరిన ఒప్పందం ప్రకారం కృష్ణా జలం శ్రీశైలం నుంచి సోమశిల, కండలేరు మీదుగా పూండి జలాశయానికి రావాలి. 1996లో తొలిసారి చేరింది. 2000ల మొదట్లో సత్యసాయి ట్రస్టు కాలువను బాగుచేయించింది. ఏటా రావాల్సిన 12 టీఎంసీలు చాలా ఏళ్ళలో పూర్తిగా రాలేదు. చెన్నై శివారు ఫ్యాక్టరీల వెనక నెల్లూరు, తిరుపతి జిల్లాల కాలువ గట్టు ఉందన్న సంగతి పెట్టుబడిదారుల సదస్సుల్లో వినిపించదు.

ఐరోపా సరిహద్దు, పాడి బోల్టు

ప్రాంతీయ విధానానికి ఇప్పుడు అతి పెద్ద ఉదాహరణ ఐరోపా సమాఖ్యది. 2005 నుంచి తన కంపెనీల చేత కర్బనానికి ధర కట్టిస్తున్న సమాఖ్య, అవి బయటికి తరలిపోకుండా దిగుమతుల మీదా అదే భారం మోపే చట్టాన్ని 2023లో చేసింది. 2023 అక్టోబరు 1 నుంచి లెక్కలు చెప్పడం, 2026 జనవరి 1 నుంచి డబ్బు బాధ్యత మొదలయ్యాయి. ఇనుము-ఉక్కు, అల్యూమినియం, సిమెంటు, ఎరువులు, హైడ్రోజన్, విద్యుత్తు దీని కిందికి వస్తాయి.

కార్లు, దుస్తులు ఈ జాబితాలో లేవు. అయితే చెన్నైకి సంబంధం లేదనుకుంటే పొరపాటు: బోల్టులు, నట్లు, స్క్రూలు ఉన్నాయి. పాడి, అంబత్తూరు పారిశ్రామిక వాడలు వాటికి పెట్టింది పేరు. ఇక్కడే ఒక మెలిక ఉంది. ఉక్కు వస్తువుల విషయంలో ఐరోపా లెక్కించేది ఫ్యాక్టరీ పొయ్యిలోంచి నేరుగా వచ్చే ఉద్గారాలనూ, ముడి ఉక్కు తయారీలో వెలువడిన ఉద్గారాలనూ. కొన్న కరెంటు తాలూకు పొగను కాదు. అంటే అంబత్తూరు యజమాని నూరుశాతం గాలి కరెంటుతో బోల్టు తయారుచేసినా, ఆ ఉక్కు ఎక్కడో బొగ్గు కొలిమిలో కరిగిందైతే ఐరోపా సరిహద్దులో అతనికి పెద్దగా ఊరట దక్కదు. తమిళనాడు విధానం ఎంత మంచిదైనా, జాతీయ ఉక్కు విధానం మారకుండా అది ఈ గుమ్మం దాటలేదు. ఎగుమతి చేసే దేశంలో ఇప్పటికే కట్టిన కర్బన ధరను మినహాయించే వీలు చట్టంలో ఉంది. అందుకే 2022లో ఇంధన పొదుపు చట్టాన్ని సవరించి, 2023లో కేంద్రం ప్రకటించిన కార్బన్ క్రెడిట్ వ్యాపార పథకం కీలకమైంది. మన ఉక్కు మీద పడే సొమ్ము ఐరోపా ఖజానాకు పోవడం కన్నా మన దగ్గరే ఉండి, మన కొలిములను మార్చడానికి ఖర్చు కావడం మేలు. ధనిక దేశాలు రెండు శతాబ్దాలు బొగ్గు కాల్చి ఎదిగి, ఇప్పుడు సరిహద్దులో పన్ను వేయడం న్యాయం కాదని భారత్ చెబుతున్నదీ సబబైన మాటే. కానీ న్యాయం కోసం వాదిస్తూనే కొలిమి మార్చుకోవాలి. ఓడ రేవులో ఆగదు.

చెన్నైలోనూ అమరావతిలోనూ హైదరాబాదులోనూ ఈ విధానాలు రాస్తున్నవారికి ఒక విన్నపం. గాలిమర పాతికేళ్ళు తిరుగుతుంది, ప్రభుత్వం ఐదేళ్ళకోసారి మారుతుంది. బ్యాంకింగ్ నియమమైనా, కొనుగోలు ధరైనా, కాలువ నీటి వాటా అయినా, ఒకసారి రాశాక గడువు తీరేదాకా మార్చబోమని చట్టంలోనే రాయండి. మార్చక తప్పని పరిస్థితి వస్తే కొత్తవారికి మాత్రమే వర్తింపజేసి, పాతవారికి ఇచ్చిన మాట నిలుపుకోండి.